నాన్నకి ప్యాంక్రియాస్ క్యాన్సర్, పేగులో బ్లీడింగ్ ఆగట్లేదు, స్టెంట్ వేస్తామంటున్నారు. ఎవరైనా చేయించారా?

సత్తెనపల్లి_అబ్బాయి
నాన్నకి 66 ఏళ్లు. ప్యాంక్రియాస్ తల భాగంలో క్యాన్సర్, లివర్లో కూడా మచ్చలున్నాయి, ఆపరేషన్‌కి వీల్లేదని మొదట్లోనే చెప్పేశారు. కామెర్లొచ్చినప్పుడు బైల్ డక్ట్‌లో, అదే పైత్యనాళంలో, మెటల్ స్టెంట్ వేశారు, కీమో నడుస్తోంది. పోయిన నెల నుంచి మోషన్ నల్లగా జిగటగా వస్తోంది, మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, హిమోగ్లోబిన్ చూస్తే 5.8. రక్తం ఎక్కించి ఎండోస్కోపీ చేశారు. గడ్డ చిన్నపేగు మొదట్లోకి, అదే డుయోడినమ్‌లోకి తొలుచుకొచ్చింది, అక్కడ్నుంచి రక్తం ఊరుతోంది అన్నారు. ఏపీసీ అని గ్యాస్‌తో కాల్చారు, ఆగింది, వారం తిరక్కుండా మళ్లీ మొదలు. ఇప్పుడు కవర్డ్ మెటల్ స్టెంట్, అంటే పైన పొర ఉన్న తీగ గొట్టం, వేసి లోపల్నుంచి నొక్కిపెడతాం అంటున్నారు. స్టెంట్ అంటే అడ్డం తీయడానికే అనుకున్నాం, రక్తం ఆపడానికి కూడా వేస్తారా? బాబాయి వాళ్లేమో ఇంక ఆయన్ని హింసపెట్టొద్దు ఇంటికి తెచ్చేయండి అంటున్నారు, అమ్మ ఏమీ మాట్లాడట్లేదు, నిర్ణయం నా మీద పడింది. ఎవరింట్లోనైనా చేయించారా? ఆగిందా, ఆగితే ఎన్నాళ్లు?

బెజవాడ_బాలు
ధైర్యంగా ఉండు తమ్ముడూ. నాకు తెలీదు గానీ తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు, పైకి లేపుతున్నా.

కాకినాడ_సుబ్బు
ముందు ఒకటి కనుక్కోండి, రక్తం ఎక్కడ్నుంచి వస్తోందో ఖచ్చితంగా చూశారా? మా పెదనాన్నకి కూడా ప్యాంక్రియాస్ క్యాన్సరే కానీ ఆయనకి తోక వైపు. రక్తం కక్కుకున్నారు, మేమంతా గడ్డ పగిలిందనుకున్నాం. తీరా చూస్తే ప్యాంక్రియాస్ వెనకాల పోయే ప్లీహం సిర గడ్డ వల్ల మూసుకుపోయి, ఆ రక్తం వేరే దారి వెతుక్కుంటూ కడుపులో సిరలు ఉబ్బిపోయాయి, అవి పగిలాయి. స్టెంట్ అక్కడ దేనికీ పనికిరాదు, ఎండోస్కోపీలోనే గ్లూ ఇంజెక్ట్ చేశారు. లివర్ బాగానే ఉండి కూడా ఇలా అవుతుందని మాకు అప్పుడే తెలిసింది.

గోదారి_గాలి
మా అమ్మకి వేశారు, కాకపోతే పేగులో కాదు బైల్ డక్ట్‌లో. ఆమెకి పాత స్టెంట్ అన్‌కవర్డ్, దాని సందుల్లోంచి గడ్డ లోపలికి పెరిగి అక్కడ్నుంచే రక్తం. కడుపు నొప్పి, కామెర్లు, నల్ల మోషన్ మూడూ ఒకేసారి వచ్చాయి. పాతదాని లోపల ఫుల్లీ కవర్డ్ స్టెంట్ వేస్తే ఆగింది, ఆమె పోయేదాకా మళ్లీ రక్తం సమస్య రాలేదు. చివరికి వేరే కారణాలతో పోయింది కానీ రక్తం బకెట్ల మధ్య పోలేదు, దానికి ఇప్పటికీ ఆ డాక్టరుకి మనసులో దణ్ణం పెట్టుకుంటా.

జీఐ_డాక్టర్
గ్యాస్ట్రోలో పనిచేస్తాను, రిపోర్టులు చూడకుండా మీ నాన్నగారికి ఇది చేయండి అది చేయొద్దు అని చెప్పను, కానీ మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు అర్థం కావాలి కదా, అందుకు రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

సుబ్బు గారు అడిగిందే అసలు ప్రశ్న. ప్యాంక్రియాస్ క్యాన్సర్లో రక్తం రావడానికి దారులు చాలా. ఒకటి, డుయోడినమ్ ప్యాంక్రియాస్ తలని చుట్టుకునే ఉంటుంది కాబట్టి గడ్డ నేరుగా అందులోకి పెరిగి దాని ముఖం మీద నుంచి ఊరడం, మీ నాన్నగారికి చెప్పింది ఇదే. రెండు, గోదారి గాలి గారి అమ్మగారికి లాగా బైల్ డక్ట్ లోపల. మూడు, సుబ్బు గారి పెదనాన్నగారిలా కడుపులో ఉబ్బిన సిరలు. నాలుగు, అక్కడే వెనకగా పోయే గ్యాస్ట్రోడుయోడినల్ ఆర్టరీ లాంటి ధమనిని గడ్డ తినేయడం. ఇది ప్రమాదం, ఇందులో రక్తం ఊరదు, చిమ్ముతుంది. ఇవి కాక మామూలు అల్సర్ కూడా ఉండొచ్చు, నొప్పి మాత్రలు వాడేవాళ్లలో మరీ.

స్టెంట్ పనిచేసేది మొదటి రెండింట్లో. నిటినాల్ అనే లోహపు తీగతో అల్లిన గొట్టం, పైన సిలికాన్ లాంటి పొర ఉంటుంది, సన్నటి కెథటర్లో ముడుచుకుని వెళ్లి లోపల గొడుగులా విచ్చుకుంటుంది. పేగుకి వేసేవి విచ్చుకుంటే సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పు, బైల్ డక్ట్‌వి 10 దాకా. ఆ విచ్చుకునే ఒత్తిడే గడ్డ ముఖాన్ని చుట్టూ ఒకేలా నొక్కుతుంది, ఊరే చిన్న రక్తనాళాలు మూసుకుంటాయి. ఏపీసీ పైపై పొరని మాత్రమే కాలుస్తుంది, కింద గడ్డ అలాగే ఉంటుంది, అందుకే వారంలో మళ్లీ వచ్చింది. క్లిప్పులు కూడా అంతే, కుళ్లిన మెత్తటి గడ్డ మీద పట్టు దొరకదు.

ఇబ్బందులూ చెప్పాలి. కవర్ ఉన్న స్టెంట్ జారొచ్చు, కవర్ లేనిది అంత తేలిగ్గా జారదు కానీ రక్తాన్ని అంత బాగా నొక్కదు, సందుల్లోంచి గడ్డ లోపలికి పెరుగుతుంది. రెండోది, పైత్యం పేగులోకి వచ్చే రంధ్రం సరిగ్గా ఆ చోటే ఉంటుంది, కవర్డ్ స్టెంట్ దాని మీద పడితే కామెర్లు, చలిజ్వరం రావొచ్చు. మీ నాన్నగారికి ముందే బైల్ స్టెంట్ ఉందన్నారు, దాని నోరు మూసుకుపోకుండా ఎలా చూస్తారో తప్పక అడగండి. ఇంకోటి నిజాయితీగా, రక్తం ఆపడానికి డుయోడినమ్‌లో కవర్డ్ స్టెంట్ వేయడం మీద పెద్ద ట్రయల్స్ లేవు, ఉన్నవి కేస్ రిపోర్టులు, చిన్న సిరీస్‌లు. పనిచేస్తుందని మేం చేతుల్తో చూశాం కానీ ఎన్నాళ్లు ఆగుతుందని ఎవరూ రాసివ్వలేరు.

సత్తెనపల్లి_అబ్బాయి
డాక్టర్ గారూ ఇంత వివరంగా మాకు హాస్పిటల్లో ఎవరూ చెప్పలేదు, రెండు సార్లు చదివాను. ధమని సంగతి ఎలా తెలుస్తుంది? వాళ్లు ఎండోస్కోపీ ఒకటే చేశారు.

డాలస్_పద్మ
దానికి సీటీ యాంజియో చేస్తారు, రక్తనాళాలు కనపడేలా తీసే స్కాన్. మా అత్తగారికి ఇక్కడ డాలస్‌లో ఇదే జబ్బు, ఎండోస్కోపీలో పేగు నిండా రక్తం తప్ప ఏమీ కనపళ్లేదు, సీటీ యాంజియోలో ఆ గ్యాస్ట్రోడుయోడినల్ ధమని మీద బుడగ కనపడింది. ఇంటర్వెన్షనల్ రేడియాలజీ వాళ్లు గజ్జల దగ్గర్నుంచి వైరు పంపి కాయిల్స్, అంటే సన్నటి తీగ చుట్టలు, పెట్టి మూసేశారు, మత్తు కూడా పెద్దగా ఇవ్వలేదు. స్టెంట్ మాట అసలు రాలేదు. హైదరాబాద్‌లో, వైజాగ్‌లో కూడా పెద్ద ఆస్పత్రుల్లో ఐఆర్ వాళ్లు ఉన్నారు కదా, స్టెంట్‌కి ముందే వాళ్ల ఫోన్ నంబర్ పక్కన పెట్టుకోండి.

పెన్నా_ఒడ్డు
నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. మా పిన్నికి ఇదే కవర్డ్ స్టెంట్ పేగులో వేశారు. నాలుగు రోజులు బాగుంది, తర్వాత అది కిందికి జారింది, మళ్లీ రక్తం, మళ్లీ ఎండోస్కోపీ చేసి తీశారు, ఇంకోటి వేశారు, అప్పటికి ఆమెకి ఒంట్లో ఏం మిగల్లేదు. ఆఖరి రోజులన్నీ ఐసీయూలోనే, మమ్మల్ని లోపలికి రానిచ్చింది పూటకి పది నిమిషాలు. ఆవిడ అడిగింది ఒక్కటే, ఇంటికి తీసుకుపోండిరా అని. మీ బాబాయి చెప్పింది కొట్టిపారేయకండి. చేయగలిగాం కదా అని ప్రతిదీ చేయక్కర్లేదు.

గోదారి_గాలి
పెన్నా గారూ మీ బాధ అర్థమవుతుంది, కానీ రక్తం ఆపకుండా ఇంటికి తెస్తే ఏమవుతుందో కూడా ఆలోచించాలి కదా. మా అమ్మ ఇంట్లో ప్రశాంతంగా ఉండగలిగింది ఆ స్టెంట్ వేయబట్టే. ఇల్లా స్టెంటా అని ఒకదానికొకటి పోటీ పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

పెన్నా_ఒడ్డు
మీకు జారలేదు కాబట్టి అలా అనగలుగుతున్నారు.

జీఐ_డాక్టర్
ఇద్దరూ చెప్పింది జరిగేదే. పైత్యనాళం ఇరుకు, అందులో స్టెంట్ బిగిసి కూర్చుంటుంది. డుయోడినమ్ కదులుతూ ఉంటుంది, అక్కడ గడ్డ గట్టిగా బిగబట్టి సన్నం చేసి ఉంటే స్టెంట్ నిలుస్తుంది, దారి వెడల్పుగానే ఉండి ఒక పక్క మాత్రమే పుండు ఉంటే పట్టు దొరక్క జారుతుంది. అబ్బాయి గారూ ఇది అడగండి: అక్కడ దారి సన్నబడిందా లేదా, మీ నాన్నగారికి తిన్నది వాంతులవుతున్నాయా. సన్నబడి ఉంటే ఒకే స్టెంట్ తిండి దారీ తీస్తుంది, రక్తాన్నీ నొక్కుతుంది. లేకపోతే పైకొసన క్లిప్‌తో బిగించే పద్ధతి ఉంది, అది చేస్తారా అని అడగండి.

రేడియో_థెరపీ_టెక్
ఎవరూ రేడియేషన్ మాటెత్తలేదే? మేం గడ్డల నుంచి ఊరే రక్తానికి రేడియేషన్ ఇస్తూనే ఉంటాం. ఒక్కసారికి 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత), లేదంటే 5 సార్లలో 20 గ్రే. ఇది నయం చేయడానికి కాదు, రక్తం ఆపడానికీ నొప్పి తగ్గించడానికీ ఇచ్చే చిన్న డోసు. చిమ్మేదానికి పనికిరాదు, ఫలితం కనపడ్డానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ కొన్ని రోజులు గడవడానికి స్టెంటో పౌడరో వేసి తర్వాత మా దగ్గరికి పంపిన పేషెంట్లు ఉన్నారు. గ్యాస్ట్రో వాళ్లూ అంకాలజీ వాళ్లూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునేలా మీరే చేయాలి, వాళ్లంతట వాళ్లు మాట్లాడుకుంటారని కూర్చోవద్దు.

కరీంనగర్_కిరణ్
పౌడర్ ఏంటన్నా?

జీఐ_డాక్టర్
స్కోపులోంచి రక్తం ఊరేచోట చల్లే పొడి. తడి తగిలితే అక్కడే అంటుకుని పొరలా కడుతుంది. గడ్డని తాకక్కర్లేదు, వెడల్పాటి చోటంతా కప్పుతుంది, అదీ దీని గొప్పతనం. జీర్ణాశయం, పేగుల గడ్డల రక్తస్రావం మీద థాయ్‌లాండ్ వాళ్లు చేసిన ట్రయల్ 2023లో వచ్చింది, మామూలు పద్ధతులకంటే పొడి చల్లినవాళ్లలో నెలలోపు మళ్లీ రక్తం రావడం బాగా తక్కువ. అన్ని చోట్లా దొరకదు, ఖరీదు. కానీ అడగడంలో తప్పులేదు.

ప్రకృతి_ప్రియుడు
ఇవన్నీ ఎందుకండీ, గరిక రసం పొద్దున్నే పరగడుపున ఇస్తే రక్తం కడుతుంది, మా ఊళ్లో ఎంతోమందికి తగ్గింది. నష్టమేముంది?

స్టాఫ్_నర్సు_రమ
నష్టం ఉందండీ. బ్లీడింగ్ అవుతున్న మనిషికి ఎండోస్కోపీ ముందు కడుపు ఖాళీగా ఉండాలి, నోట్లో ఏది పోసినా మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. గరిక మీద నాకు కోపం లేదు, ఈ టైంలో మాత్రం దయచేసి వద్దు.

కరీంనగర్_కిరణ్
మా మామయ్యకి ముక్కు నుంచి రక్తం కారితే ట్రానెక్సా అని రక్తం ఆపే మందు ఇచ్చారు, వెంటనే తగ్గింది. అది వాడొచ్చు కదా, చవక కూడా.

జీఐ_డాక్టర్
కడుపు, పేగుల రక్తస్రావానికి అది పనిచేయదని 2020లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన హాల్ట్-ఐటీ అనే ట్రయల్ తేల్చింది, 12 వేల మంది పేషెంట్ల మీద చేశారు. చావులు తగ్గలేదు, పైగా సిరల్లో గడ్డలు కట్టడం పెరిగింది. ప్యాంక్రియాస్ క్యాన్సర్లో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే చాలా ఎక్కువ, కాబట్టి ఇంకా జాగ్రత్త.

సత్తెనపల్లి_అబ్బాయి
గడ్డలు అంటే గుర్తొచ్చింది, కీమో మొదలైన కొత్తల్లో నాన్నకి ఎడమ కాలు వాచింది, స్కాన్లో క్లాట్ అన్నారు. అప్పట్నుంచి పొట్ట మీద ఎనాక్సాపరిన్ ఇంజక్షన్ రోజూ వేస్తున్నాం, అమ్మే వేస్తుంది. అది ఇప్పటికీ నడుస్తోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా??

జీఐ_డాక్టర్
చాలా ఉంది, అది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. ఇప్పుడే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి, రేపటి రౌండ్స్ దాకా ఆగకండి. ఎప్పుడు వేశారో టైంతో సహా చెప్పండి. మీ అంతట మీరు శాశ్వతంగా మానేయడం కాదు, ఆపాలా, డోస్ తగ్గించాలా, కాలు క్లాట్ ఊపిరితిత్తుల్లోకి పోకుండా పెద్ద సిరలో ఫిల్టర్ పెట్టాలా అన్నది వాళ్లు కూర్చుని తేల్చాలి.

స్టాఫ్_నర్సు_రమ
ఇంకోటి కూడా చూడండి, నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ఏమన్నా వేసుకుంటున్నారా? ఈ జబ్బులో వీపులోకి పొడిచే నొప్పి ఉంటుంది, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకొస్తారు, ఇంట్లోవాళ్లకి చెప్పరు కూడా.

సత్తెనపల్లి_అబ్బాయి
రమ గారూ అమ్మని అడిగితే అవునంది. వారానికోసారి వేయించుకుంటున్నాడట. డ్యూటీ డాక్టరుకి రెండూ చెప్పాను. ఎనాక్సాపరిన్ ఈ రాత్రి డోస్ ఆపేశారు. పొద్దున సీటీ యాంజియోకి రాశారు.

బెజవాడ_బాలు
ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ థ్రెడ్ పెట్టినందుకు మంచిదైంది.

వరంగల్_వాణి
నాది వేరే ప్రశ్న, మీ నాన్నగారికి జబ్బు ఏంటో తెలుసా? నిర్ణయం మీ మీద పడింది అన్నారు, ఆయన మీద ఎందుకు పడలేదు?

సత్తెనపల్లి_అబ్బాయి
తెలీదండి. లివర్ దగ్గర గడ్డ, మందులకి కరిగిపోతుంది అని చెప్పాం. అమ్మ ఒట్టేయించుకుంది చెప్పొద్దని.

కాకినాడ_సుబ్బు
చెప్పకపోవడమే మంచిది బ్రో, మా పెదనాన్న తెలిసిన రోజు నుంచి తిండి మానేశాడు.

వరంగల్_వాణి
మా నాన్న తెలిసిన రోజు నుంచి బ్యాంకు పుస్తకాలు సర్దుకున్నాడు, తమ్ముడితో పదేళ్లుగా మాటల్లేవు, పిలిపించి మాట్లాడాడు. అందరూ ఒకలా ఉండరు. బలవంతంగా చెప్పమనట్లేదు, ఎంత తెలుసుకోవాలనుందో ఆయన్నే అడగమంటున్నా.

స్టాఫ్_నర్సు_రమ
పదకొండేళ్లు క్యాన్సర్ వార్డులో చేశాను, ఇప్పుడు హోమ్ కేర్‌లో ఉన్నా. వాణి గారన్నట్టు అడగడానికి పాలియేటివ్ డాక్టర్లకి, అంటే నొప్పీ బాధా తగ్గించడం చూసే డాక్టర్లకి, పద్ధతి తెలుసు, మీకు కష్టమైతే వాళ్లతో చేయించండి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, గుంటూరు చుట్టుపక్కల కూడా విచారించండి. పాలియేటివ్ అంటే చేతులెత్తేయడం అని మనవాళ్లు భయపడతారు, స్టెంట్ వేయించుకుంటూనే వాళ్లని కలవొచ్చు, కీమో నడుస్తుండగా కూడా కలవొచ్చు.

స్టెంట్ వేసినా వేయకపోయినా ఇంటికెళ్లే ముందు ఒకటి సిద్ధం చేసుకోండి, వినడానికి కష్టంగా ఉంటుంది కానీ చెప్పకుండా ఉండలేను. ఒక్కోసారి ఒక్కసారిగా పెద్ద బ్లీడ్ వస్తుంది. ముదురు రంగు టవళ్లు, నల్లవో ముదురు నీలమో, మంచం దగ్గరే పెట్టుకోండి, తెల్ల దుప్పటి మీద రక్తం చూస్తే పేషెంటూ ఇంట్లోవాళ్లూ భయంతోనే సగం అయిపోతారు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అలాంటప్పుడు భయం తగ్గడానికి ఇవ్వాల్సిన మందు డాక్టరు ముందే రాసి ఇంట్లో ఉంచాలి, ఎవరు ఇవ్వాలో నేర్పించాలి. ఆ టైంలో ఆస్పత్రికి పరిగెత్తాలా, పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకోవాలా అనేది ఇప్పుడు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నాయి, ఆ డైక్లోఫెనాక్ సూదులు ఇంక అక్కర్లేదు.

పెన్నా_ఒడ్డు
రమ గారూ మా పిన్నికి ఇలా చెప్పేవాళ్లు ఒక్కరు దొరికి ఉంటే. నాకు స్టెంట్ మీద పగ లేదు, మాతో ఎవరూ కూర్చుని ఇలా మాట్లాడలేదు, అది నా బాధ.

కరీంనగర్_కిరణ్
ఖర్చు సంగతి కూడా చూసుకో అన్నా. ఆరోగ్యశ్రీ (ఏపీలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు మీద ఏ ప్రొసీజర్ వస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్లో ముందే అడుగు, స్టెంట్ రకం మారితే వాళ్ల ప్యాకేజీలో ఉంటుందో లేదో. కవర్డ్ స్టెంట్ ధర వేరు, రాతలో తీసుకో.

సత్తెనపల్లి_అబ్బాయి
అప్‌డేట్. సీటీలో ధమని మీద బుడగ లేదు, ప్లీహం సిర తెరుచుకునే ఉంది. గడ్డ డుయోడినమ్‌ని రెండో భాగం దగ్గర బాగా సన్నం చేసింది, నాన్న కొన్నాళ్లుగా రెండు ముద్దలకే కడుపు నిండిందనడం అందుకేనట, మేం ఆకలి లేదనుకున్నాం. పాలియేటివ్ డాక్టరమ్మ వచ్చి నాన్నతో ఒక్కర్తే మాట్లాడింది, ఎంత చెప్పమంటారు అని అడిగిందట. జబ్బు పేరు నాకొద్దు, నా కొడుక్కి చెప్పండి, నన్ను మాత్రం మిరప కోతలకి ఊరికి పంపించండి, నా చేలో కాయ నేను చూసుకోవాలి అన్నాడట. అది విన్నాక బాబాయి కూడా స్టెంట్‌కి ఒప్పుకున్నాడు. బైల్ స్టెంట్ నోరు తెరిచి ఉందో లేదో చూసుకుని కవర్డ్ స్టెంట్ వేశారు, పైకొసన క్లిప్ పెట్టారు. రేడియేషన్ డాక్టరు కూడా చూశారు, ఒక్క డోస్ ఇస్తామన్నారు. కాలు క్లాట్‌కి ఇంజక్షన్ ఇంకా మొదలెట్టలేదు, మళ్లీ కాలి సిరల స్కాన్, అదే డాప్లర్, చేశాక చెప్తారట.

ఒక భయం, స్టెంట్ వేసి మూడో రోజు, ఇంకా మోషన్ నల్లగానే ఉంది.

జీఐ_డాక్టర్
పేగులో ఉన్న పాత రక్తం బయటికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. మోషన్ రంగు ఒక్కటే చూసి బెంబేలెత్తకండి, హిమోగ్లోబిన్ నిలబడిందా, నాడి నెమ్మదించిందా, బీపీ బాగుందా అవి చూడండి. ఐరన్ మాత్రలు వేసినా నల్లగానే వస్తుంది, గుర్తుంచుకోండి.

సత్తెనపల్లి_అబ్బాయి
హిమోగ్లోబిన్ 8.4, రెండు రోజులుగా అంతే ఉంది. నిన్నట్నుంచి మోషన్ కొంచెం పచ్చబడింది. ఆయనకి ఆకలేస్తోంది!! గోంగూర పచ్చడి అడుగుతున్నాడు.

గోదారి_గాలి
ఆకలేస్తోందంటే ఎంత సంతోషంగా ఉందో. కానీ గోంగూర వద్దు, ఆకుకూర పీచు స్టెంట్‌లో ఇరుక్కుంటుంది. మునక్కాయ, పనసపొట్టు, గట్టి మాంసం ముక్కలు కూడా వద్దన్నారు మాకు. మెత్తగా ఉడికించిన పెరుగన్నం, పప్పుకట్టు, గుడ్డు, రాగి జావ, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు, తిన్నాక కూర్చోబెట్టండి.

బెజవాడ_బాలు
గుంటూరు వైపు మనిషిని గోంగూర వద్దని ఒప్పించడం స్టెంట్ వేయడంకంటే కష్టం తమ్ముడూ 😄 పచ్చడిలో ఊట ఒక చుక్క నాలిక మీద పెట్టు.

స్టాఫ్_నర్సు_రమ
బాలు గారు చెప్పింది చేయొచ్చు, ఆకు మింగకుండా రుచి చూపిస్తే ఏం కాదు 🙂 ఇంటికెళ్లాక మాత్రం చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, తిన్నది తిన్నట్టు వాంతి, మళ్లీ నల్ల మోషన్‌తో కళ్లు తిరగడం, వీటిలో ఏది వచ్చినా రాత్రని చూడకుండా ఫోన్ చేయండి. ఆ నంబర్ డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి, ఎవరి నంబరో పేరుతో సహా.

సత్తెనపల్లి_అబ్బాయి
రాయించుకున్నాను. టవళ్లు కూడా కొన్నాను, ముదురు నీలం. రేపు రేడియేషన్, ఎల్లుండి డిశ్చార్జి అంటున్నారు. కారులో వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లొచ్చా లేక కూర్చోబెట్టాలా? హైదరాబాద్ నుంచి ఐదారు గంటలు పడుతుంది.

స్టాఫ్_నర్సు_రమ
సగం కూర్చున్నట్టు, వీపు వెనక దిండ్లు పెట్టి. మధ్యలో ఆపి నాలుగడుగులు వేయించండి, కాలు క్లాట్ ఉంది కదా. మార్ఫిన్ డోస్ బయల్దేరే అరగంట ముందు.